ఈ ఫుర్సత్ ఎవరి ఖాతాలోది?

మన ఖాందాన్లలో ఈ మధ్య ఒక కొత్త తారీఫ్ మొదలైంది. ఏ దావత్‌కి వెళ్ళినా దస్తర్‌ఖాన్ ముందు కూర్చోగానే ఎవరో ఒక ఖాలా అందుకుంటుంది. "మా వాడు పొద్దున ఆఫీసు, రాత్రి సొంత ప్రాజెక్టు, రెండు నెలలకోసారి ఎక్కడికో సఫర్. అయినా ఇంటికి ఏ లోటూ రానివ్వడు. అన్నీ బ్యాలెన్స్ చేస్తాడు." చుట్టూ ఉన్నవాళ్ళు మాషా అల్లాహ్ అంటారు. బగారా అన్నం మీద దాల్చా వడ్డిస్తూ తిరుగుతున్న ఆ "మా వాడి" భార్య ఏమీ అనదు. ఆమె కూడా సాఫ్ట్‌వేర్ ఇంజనీరే. ఆ సంగతి తారీఫ్‌లో రాదు.

నేను ఈ రంగంలో పద్నాలుగేళ్ళుగా పని చేస్తున్నాను. నా దావా ఒక్కటే. ఉద్యోగం, సైడ్ ప్రాజెక్టు, సఫర్, ఇల్లు అన్నీ ఒక్కడే మోస్తున్నాడని మనం మెచ్చుకుంటున్న ఆ మగ డెవలపర్ చేస్తున్నది బ్యాలెన్స్ కాదు. తరాజు పళ్ళెం కింద ఎవరో చెయ్యి పెట్టి పట్టుకుంటే ముల్లు మధ్యలోనే నిలబడుతుంది. ఆ చెయ్యి అమ్మీదో, భార్యదో, ఇంట్లో పెళ్ళి కాని ఆపాదో. చెయ్యి తీసేస్తే తరాజు ఎటు ఒరుగుతుందో ఎవరూ చూడటం లేదు, ఎందుకంటే చెయ్యి ఎవరూ తియ్యటం లేదు.

పెద్దవాళ్ళ కోసం సైడ్ ప్రాజెక్టు అంటే ఏమిటో కాస్త చెప్పాలి. లేకపోతే సగం ఇళ్ళలో "రాత్రిళ్ళు లాప్‌టాప్‌లో ఆటలాడుతున్నాడు" అనే అనుకుంటారు. పగలు కంపెనీ చెప్పిన కోడ్ రాస్తాం. రాత్రి మనకు తోచింది రాస్తాం. మొహల్లా కిరాణా దుకాణానికి బిల్లుల సాఫ్ట్‌వేర్ కావచ్చు, మస్జిద్ చందా లెక్కల యాప్ కావచ్చు, దునియాలో ఎవరైనా వాడుకోమని ముఫ్త్‌గా వదిలిన కోడ్ కావచ్చు. 1991లో హెల్సింకీలో లినస్ టోర్వాల్డ్స్ అనే ఒక విద్యార్థి షౌఖ్ కొద్దీ మొదలుపెట్టిందే లినక్స్. మీ చేతిలో ఉన్నది ఆండ్రాయిడ్ ఫోన్ అయితే దాని లోపల నడుస్తున్నది అదే.

ఇలాంటి పని ఎంత బరువైనదో 2024 మార్చిలో దునియా మొత్తానికి తెలిసింది. ఎక్స్‌జెడ్ అని ఫైళ్ళను కుదించే చిన్న సాఫ్ట్‌వేర్ ఉంది. లెక్కలేనన్ని సర్వర్లలో ఉంటుంది. దాన్ని ఏళ్ళ తరబడి చూసుకుంటున్నది ఒకే ఒక మనిషి, జీతం లేకుండా, తీరిక వేళల్లో. మనసు బాగుండటం లేదని, ఇది జీతం లేని షౌఖ్ పని అని ఆయన రాసుకున్నాడు కూడా. సాయం చేస్తానంటూ వచ్చిన ఒక అజ్‌నబీ రెండేళ్ళకు పైగా నమ్మకం సంపాదించి, చివరికి అందులో ఒక చోర్ దర్వాజా పెట్టాడు. మైక్రోసాఫ్ట్‌లో పనిచేసే ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ ఎందుకు పడుతోందని తవ్వి చూస్తే అది బయటపడింది. అర సెకను! ఆయన పట్టించుకోకపోయి ఉంటే ఎన్ని సర్వర్ల తాళాలు ఆ దొంగ చేతికి వెళ్ళేవో.

అంటే సైడ్ ప్రాజెక్టు టైంపాస్ కాదు. ఎవరో ఒకరి సాయంత్రాల మీద దునియా ఆనుకుని ఉంది. నేను దానికి ఖిలాఫ్ కాదు. నాకూ ఒకటుంది. మా నానీ మాట్లాడే దక్కనీ మాటలను తెలుగు అక్షరాల్లో టైప్ చేస్తే ఉర్దూ లిపిలో చూపించే చిన్న పేజీ. వినడానికి సులువుగా ఉంటుంది గానీ తెలుగులో ఒక్క 'జ' రాస్తే ఉర్దూలో అది జీమ్ కావాలా, జే కావాలా, జాల్, జ్వాద్, జోయ్ కావాలా అని మాట మాటకీ చూసుకోవాలి. 'స' రాస్తే సీన్, స్వాద్, సే మూడున్నాయి. నానీకి 'పర్సోఁ' అంటే మొన్న మాత్రమే కాదు, పదేళ్ళ కిందటి ముచ్చట కూడా పర్సోఁనే. ఆ అర్థం ఏ లుగత్‌లో పెట్టాలో నాకు ఇప్పటికీ తెగలేదు. ఈ పని వల్ల నాకు రూపాయి ఆమ్దనీ లేదు, ఉండాలనీ లేదు. నాకు కావలసింది గంటలు.

గంటల దగ్గరే అసలు జగడా.

కేంద్ర ప్రభుత్వం 2019లో టైమ్ యూజ్ సర్వే చేసింది. ఎవరి రోజు దేనికి ఖర్చవుతోందన్న లెక్క. జీతం లేని ఇంటి పని చేసే స్త్రీలు రోజుకి సగటున 299 నిమిషాలు, చేసే పురుషులు 97 నిమిషాలు పెడుతున్నారని తేలింది. అదీ చేసేవాళ్ళ లెక్క. అసలు ఆ రోజు ఇంటి పనిలో చెయ్యి పెట్టిన మగవాళ్ళు నూటికి 26 మంది. స్త్రీలు 81 మంది. ఇందులో ఉద్యోగం చేయని స్త్రీలు కూడా ఉన్నారు, నిజమే. కానీ ఉద్యోగం చేసే స్త్రీ వంట తగ్గిపోయిన ఇల్లు మీకు ఎన్ని తెలుసు? వేళ మారుతుంది, పని మారదు. సాయంత్రం కోయాల్సిన గోరుచిక్కుళ్ళు రాత్రి పదింటికి కోస్తుంది.

299లోంచి 97 తీసేస్తే 202. రోజుకి 202 నిమిషాలు. ఏడాదికి 1,200 గంటలు దాటుతుంది. రోజుకి ఎనిమిది గంటల చొప్పున 150 పనిదినాలు. ఇప్పుడు చెప్పండి, ఆ అబ్బాయి సైడ్ ప్రాజెక్టుకి ఫుర్సత్ ఎక్కడినుంచి వచ్చింది? పొద్దున నాలుగింటికి లేవడం వల్ల రాలేదు. క్యాలెండర్‌లో రంగులు వేసుకోవడం వల్లా రాలేదు. నాలుగింటికి మన ఇళ్ళలో లేచేది ఎవరో రంజాన్ నెలలో అందరూ చూస్తూనే ఉంటారు. సెహరీకి అందరినీ లేపే మనిషి అందరికన్నా ముప్పావుగంట ముందు లేస్తుంది. తొమ్మిదిన్నరకి స్టాండప్ కాల్‌లో కూర్చుంటుంది.

దీని మీద నాకు ఎదురయ్యే మొదటి జవాబ్: "మేమెప్పుడు వద్దన్నాం? ఇజాజత్ ఇచ్చాం కదా." అబ్బాయిలే కాదు, బాగా చదువుకున్న అత్తగార్లు కూడా ఇదే అంటారు. భాయ్, ఇజాజత్‌తో కోడ్ రాయలేం. కోడ్ గంటలతో రాస్తాం, అదీ ముక్కలు చెయ్యని గంటలతో. బగ్ ఎక్కడుందో తలలో దారం దొరికే వేళకి "బేటీ, జరా చాయ్" అని వినపడితే ఆ దారం మళ్ళీ దొరకడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. అబ్బాయి గది తలుపు వేసుకుంటే "కామ్ కర్ రా, చుప్ రహో" అని పిల్లలను గదమాయించే ఇంట్లోనే కోడలు తలుపు వేసుకుంటే "ఏమైంది, తబియత్ బాగాలేదా?" అని అడుగుతారు. తలుపు ఒకటే, ఇల్లు ఒకటే.

రెండో జవాబ్: సైడ్ ప్రాజెక్టు వల్లే వాడికి మంచి కంపెనీలో నౌకరీ వచ్చింది, ఆన్‌సైట్ ఛాన్స్ వచ్చింది. వచ్చింది, ఎవరూ కాదనరు. ఈ రోజుల్లో చాలా ఇంటర్వ్యూల్లో గిట్‌హబ్ లింక్ అడుగుతారు. జీతం లేకుండా రాత్రిళ్ళు ఏం రాశావో చూపించు అని. చూడటానికి ఎంతో ఇన్సాఫ్‌గా కనిపించే సవాల్ అది. పేరు చూడం, మజహబ్ చూడం, కోడ్ చూస్తాం అంటారు. కానీ ఆ లింక్‌లో కనిపించేది కాబిలియత్ ఒక్కటే కాదు, ఫుర్సత్ కూడా. ఇద్దరూ ఒకే కాలేజీలో ఒకే బెంచీ మీద చదివి ఉంటారు. పదేళ్ళ తర్వాత ఒకరి పేజీ పచ్చగా నిండి ఉంటుంది, ఇంకొకరి పేజీలో పెళ్ళి అయిన నెల నుంచి ఖాళీ గళ్ళు. వాటిని చూసి "ఈమెకి దిల్‌చస్పీ లేదు" అని రాసేస్తారు. ఈ ఫిల్టర్ పెట్టిన మేనేజర్లకి తాము ఏం జల్లెడ పడుతున్నామో తెలియదంటే నేను నమ్మను.

మన అమ్మాయిలు ఈ సీట్ల దాకా ఎలా వచ్చారో ఒకసారి యాద్ చేసుకోండి. 2007లో బీసీ-ఈ కింద 4 శాతం రిజర్వేషన్ వచ్చింది. 2010లో హైకోర్టు కొట్టేసింది, సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలబడింది. దానికి ఫీజు రీయింబర్స్‌మెంట్ తోడైంది. పంక్చర్ దుకాణం, దర్జీ పని, తోపుడు బండి మీద నడిచే ఇళ్ళ నుంచి ఆడపిల్లలు ఇంజనీరింగ్ కాలేజీ మెట్లెక్కారు. ఆ సీటు కోసం కోర్టుల్లో కొట్లాడిన ఖౌమ్, ఆ సీటులో చదివిన పిల్ల సాయంత్రాల కోసం వంటింటి గుమ్మం దాకా కూడా రాదా?

మూడో జవాబ్ కాస్త చేదు. "మా అమ్మీ ఇన్ని పనులు చేసింది, ఎప్పుడైనా షికాయత్ చేసిందా?" చేసింది. మీరు వినలేదు. ఇంకో మాట, మీ అమ్మీకి కూడా సైడ్ ప్రాజెక్టులు ఉండేవి. చీరలకి ఫాల్ కుట్టడం, పీకో చేయడం, కురోషా పని, అచార్ పెట్టి అమ్మడం, చీటీలు నడపడం. బీడీల ఊళ్ళలో అయితే చేట ఒళ్ళో పెట్టుకుని వెయ్యికి ఇంత అని లెక్క. బీడీ చుడుతూనే అన్నం పొంగు చూసేవాళ్ళు, చుడుతూనే పిల్లవాడి చేత ఎక్కాలు చెప్పించేవాళ్ళు. ఆ వెయ్యి బీడీల కూలితో మీ స్కూలు ఫీజు కట్టింది. ఆమెని ఎవరూ పిలిచి "ఇవన్నీ ఎలా బ్యాలెన్స్ చేస్తారు?" అని అడగలేదు. మగపిల్లవాడు రాత్రి రెండు గంటలు లాప్‌టాప్ ముందు కూర్చుంటే అది హునర్. ఆడమనిషి నలభై ఏళ్ళు చేతులు ఆపకపోతే అది మామూలు.

కంపెనీల సంగతీ చెప్పాలి, లేకపోతే ఇదంతా మొగుడూ పెళ్ళాల తకరార్ అనుకుంటారు. 2022లో విప్రో, పోటీ కంపెనీలకి కూడా పనిచేస్తూ దొరికారని 300 మందిని తీసేసింది. అప్పుడు మూన్‌లైటింగ్ అని పెద్ద గొడవ. పోటీ కంపెనీకి పని చేయడం ఖియానత్ అంటే నేను బహస్ చేయను. కానీ చాలా అపాయింట్‌మెంట్ లెటర్లలో ఇంకో షర్త్ ఉంటుంది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళు నువ్వు ఏ వేళలో ఏం తయారు చేసినా అది కంపెనీదేనని. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ఉద్యోగంలో భాగంగా చేసిన పనికే యజమానిని మొదటి హక్‌దార్‌గా చెబుతుంది. ఇంట్లో, సొంత మిషన్ మీద, ఆఫీసు పనితో సంబంధం లేకుండా రాసింది ఆ మాట కిందికి రాదు. అందుకే కాగితం మీద షర్త్ రాసి సంతకం తీసుకుంటారు. పిల్లలు చదవకుండా సంతకం పెడతారు. మీ ఇంట్లో ఎవరైనా చేరబోతుంటే ఆ పేజీ చదవమనండి, సొంత ప్రాజెక్టు ముందే ఉంటే దాని పేరు రాసి హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టమనండి.

2023 అక్టోబర్‌లో నారాయణ మూర్తిగారు యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ సుబ్రహ్మణ్యన్‌గారి వీడియో బయటికి వచ్చింది. 90 గంటల మాట, ఆదివారం కూడా పని చేయించలేకపోతున్నానన్న బాధ, ఇంట్లో కూర్చుని భార్య ముఖం ఎంతసేపు చూస్తారన్న సవాల్. అందరూ ఆ 90 మీద కోపం తెచ్చుకున్నారు, మీములు చేశారు. నాకు కోపం తెప్పించింది ఆఖరి మాట. ఇంట్లో ఉండటమంటే ముఖాలు చూసుకుంటూ కూర్చోవడమని ఎవరికి అనిపిస్తుంది? ఇంట్లో పని అనేది ఒకటుందని ఎన్నడూ తెలియాల్సిన అవసరం రాని మనిషికి. ఆ 90 గంటల వెనక ఇంకో మనిషి ఇంకో 90 గంటలు పనిచేస్తుందని ఆ లెక్కలో లేదు. మన దావత్‌లోని తారీఫ్‌కీ ఆ మాటకీ నాకు తేడా కనిపించదు.

ఇక సఫర్. అబ్బాయి బైక్ మీద లడఖ్ వెళ్తే "దునియా చూస్తున్నాడు". అమ్మాయికి బెంగళూరులో రెండు రోజుల టెక్ సభలో మాట్లాడమని పిలుపు వస్తే "ఎవరు తోడు వస్తారు, ఎక్కడ ఉంటావు, లోగ్ క్యా బోలేంగే". మహ్రమ్ మసలా ఉలమాకి వదిలేస్తాను, అది నా పని కాదు. ఒక్క సంగతి మాత్రం చూపిస్తాను. 2018 నుంచి 45 ఏళ్ళు దాటిన స్త్రీలు నలుగురు జట్టుగా మహ్రమ్ లేకుండా హజ్‌కి వెళ్ళడానికి మన దేశంలో దారి తెరిచారు. అలా వెళ్ళి హాజియానీలై వచ్చిన ఖాలాలని పూలదండలు వేసి తెచ్చుకున్నాం. వాళ్ళు సముద్రం దాటి వేల కిలోమీటర్లు వెళ్ళి వచ్చారు. కాచిగూడలో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి వచ్చే ఊరికి ఇంత పంచాయితీ ఎందుకు?

అసలు రోజూ చేసే సఫర్‌ని ఎవరూ సఫర్ అనరు. శాలిబండ నుంచి రాయదుర్గం దాకా వెళ్ళి వచ్చే పిల్లని అడగండి. ఫలక్‌నుమా దాకా రావాల్సిన మెట్రో లైను 2020లో ఎంజీబీఎస్ దగ్గర ఆగింది. పాతబస్తీ పిల్ల ముందు ఆటో, తర్వాత మెట్రో, తర్వాత మళ్ళీ ఆటో. 2023 డిసెంబర్ నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకి బస్సు ముఫ్త్ అయింది, దాంతో ఖర్చు తగ్గింది గానీ టైం తగ్గలేదు. ఇంటికొచ్చి బుర్ఖా తీసి కొక్కేనికి తగిలించే లోపలే "రోటీకి పిండి కలపాలి" అన్న మాట వినపడుతుంది. అదే టైంకి వచ్చిన భాయ్‌కి మంచినీళ్ళు, చాయ్, కాస్త ఆరామ్.

మగపిల్లలూ తక్కువ నలగడం లేదు. అది నాకు తెలుసు. రాత్రి కాల్స్, రిలీజుల ముందు నిద్రలేని వారాలు, ఉద్యోగాలు పోతాయన్న డర్. వాళ్ళకి షౌఖ్ కావాలి, కొండలూ సముద్రాలూ చూడాలి. నా భర్త ఏడాదికి ఒకసారి దోస్తులతో ట్రెక్కింగ్‌కి వెళ్తాడు, వెళ్ళాలి కూడా. కానీ ఆ నాలుగు రోజులు నాకు బాకీ అని ఇంట్లో గోడ క్యాలెండర్ మీద రాసి ఉంటుంది, నేను వసూలు చేసుకుంటాను. మా సాస్‌కి మొదట్లో ఇది బేఅదబీగా అనిపించింది. ఇప్పుడు ఆమే గుర్తు చేస్తుంది, ఎందుకంటే తన ఆదివారం మధ్యాహ్నాన్ని కూడా ఆ క్యాలెండర్ మీదికి ఎక్కించింది. అరబ్బీ క్లాస్‌కి వెళ్తుంది.

పనిమనిషిని పెట్టుకోండి, తీరిపోతుంది అంటారు కొందరు. తీరదు. ఆ పని ఇంకో స్త్రీ మీదికి వెళ్తుంది, చాలాసార్లు పక్క బస్తీలోని మన బెహన్ మీదికే. ఆమె ఇంట్లో ఆ 299 నిమిషాలు అలాగే ఉంటాయి.

దీన్ పేరు చెప్పి నోరు మూయించేవాళ్ళకి ఒక్క మాట. ప్రవక్త (స) ఇంట్లో ఏం చేసేవారని అడిగితే, ఇంటివాళ్ళ పనుల్లో ఉండేవారు, నమాజ్ వేళకి బయల్దేరేవారు అని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పిన సంగతి మీరు ఎన్నో జుమా బయాన్లలో విన్నారు. విని "సుబ్‌హానల్లాహ్" అన్నారు. తర్వాత ఇంటికెళ్ళి బిర్యానీ ఇంకా కాలేదా అని అడిగారు.

మా ఫుప్పు కూతురికి ఇప్పుడు రిష్తాలు చూస్తున్నారు. డేటా ఇంజనీరు, మూడేళ్ళ నుంచి ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో చెయ్యి పెట్టింది, అందులో ఆమె మాటకి వజన్ ఉంది. మొదటి రిష్తా వాళ్ళు వచ్చినప్పుడు అబ్బాయి తన సైడ్ ప్రాజెక్టుల గురించి అరగంట చెప్పాడు. పిల్ల అంతా విని, ఒక్క సవాల్ అడిగింది. "శని, ఆదివారాల్లో పొద్దున పూట మీ ఇంట్లో నాష్తా ఎవరు చేస్తారు?" అబ్బాయి వాళ్ళ అమ్మీ వైపు చూశాడు. అమ్మీ నవ్వి "మేరీ ఉమర్ హో గయీ బేటా, ఇక నువ్వే కదా" అంది. ఆ రిష్తా అక్కడే ఆగింది. వాళ్ళ వైపు నుంచే ఖబర్ వచ్చింది, పిల్ల జబాన్ తేజ్‌గా ఉందని.

ఫుప్పు వారం రోజులు ఏడ్చింది. రెండో రిష్తా కర్నూలు వాళ్ళది. అదే సవాల్‌కి అబ్బాయి, శనివారం తనకి ఉప్మా ఒక్కటే వచ్చని, ఆదివారం అబ్బా పూరీలు చేస్తారని చెప్పాడు. ఉప్మాలో జీడిపప్పు వేస్తారా అని పిల్ల అడిగింది. పెద్దలు వచ్చే జుమా తర్వాత మళ్ళీ కూర్చుంటున్నారు, మెహర్ మాట ఇంకా రాలేదు.